నత్తికి స్పర్శ ఆసరా: దాతలు తెలుసుకోవలసిన సంగతులు

మన సొసైటీకి ఏటా వచ్చే అర్జీలు చూస్తే కళ్లజోళ్లు, వినికిడి యంత్రాలు, డయాలసిస్ ఖర్చులు, కాలేజీ ఫీజులు, ఆడపిల్లల పెళ్లిళ్లు, ఇవే ఎక్కువ. నత్తి ఉంది, దానికి సాయం కావాలి అని అర్జీ పెట్టేవారు దాదాపు కనబడరు. నత్తి ఉన్నవారు లేక కాదు. పెద్దవారిలో సుమారు నూటికి ఒకరికి నత్తి ఉంటుందని ప్రపంచమంతటా ఒప్పుకున్న లెక్క. అందులోనూ ఆడవారికంటే మగవారికి నాలుగు రెట్లు ఎక్కువ. అయిదు వందల మంది జుమా నమాజుకు వచ్చే మసీదులో కనీసం నలుగురైదుగురు ఉంటారన్నమాట. కాని అర్జీ పెట్టాలంటే ఎవరో ఒకరి ముందు నిలబడి పేరు చెప్పాలి, ఊరు చెప్పాలి, సంగతి వివరించాలి. వారికి అన్నిటికంటే కష్టమైన పని అదే.

ఈ మధ్య మన దాతల్లో ఒక పెద్దాయన నన్ను అడిగారు: “మాస్టారూ, చేతికి పెట్టుకుంటే నత్తి తగ్గించే యంత్రం ఏదో వచ్చిందట గదా. నలుగురు కుర్రాళ్లకు కొనిద్దామా?” మంచి ప్రశ్న. అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేకపోయాను. ఆయనకు చెప్పవలసిన జవాబే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు నత్తి అంటే ఏమిటో స్పష్టం చేసుకుందాం. తెలుగులో మనం రెండు వేర్వేరు ఇబ్బందులను నత్తి అనే ఒక్క మాటతోనే పిలుస్తాం. ‘ర’ పలకలేక ‘ల’ అనడం, ‘స’కు బదులు ‘త’ అనడం ఒకటి. ఉర్దూలో దాన్ని తుత్లానా అంటారు. రెండోది హక్లానా. అక్షరాలన్నీ పలకడం వచ్చు, చెప్పవలసిన మాటా తెలుసు, కాని సమయానికి నోటినుండి రాదు. మొదటి అక్షరం ‘క... క... క...’ అని మళ్లీ మళ్లీ వస్తుంది, లేదా ‘స్‌స్‌స్‌’ అని సాగుతుంది, లేదా గొంతు పూర్తిగా బిగిసి ఏ శబ్దమూ రాదు. ఈ మూడో రకాన్ని బయటివారు సరిగా గుర్తించరు. కుర్రాడు జవాబు తెలియక నిలబడ్డాడనుకుంటారు. నేను చెప్పబోయే స్పర్శ పద్ధతులన్నీ ఈ రెండో రకం నత్తికి, అంటే హక్లానాకు సంబంధించినవి.

ఇది భయంవల్ల వచ్చేది కాదు. తెలివి తక్కువై వచ్చేది అంతకంటే కాదు. భయం దాన్ని పెంచుతుంది, అది వేరే సంగతి. చాలా కుటుంబాల్లో ఇది వంశంలో ఉంటుంది. మాటకు కావలసిన కండరాల కదలికలను క్షణం తప్పకుండా ఒకదాని వెంట ఒకటి నడిపించే మెదడు భాగాల పనితీరులో తేడా ఉంటుందని స్కానింగులతో చేసిన పరిశోధనలు చూపాయి. చిన్నపిల్లల్లో నూటికి అయిదుగురికి ఏదో ఒక దశలో నత్తి వస్తుంది. వారిలో నాలుగింట మూడొంతుల మందికి దానంతట అదే పోతుంది. పెద్దయ్యేదాకా మిగిలిపోయినవారికి మాత్రం అది పూర్తిగా పోవడం అరుదు. అందువల్ల పెద్దల విషయంలో ‘నయం చేస్తాం’ అనేవారిని నమ్మకూడదు. దాన్ని ఎలా సంబాళించుకోవాలి అన్నదే అసలు ప్రశ్న.

నయం చేస్తామన్నవారు మాత్రం అన్ని కాలాల్లోనూ ఉన్నారు. మన ఇళ్లలో వసకొమ్ము అరగదీసి పిల్లల నాలుకకు రాయడం తెలిసిందే. నాలుక కింద నరం కత్తిరిస్తే పోతుందని చెప్పేవారు ఇప్పటికీ ఉన్నారు. 1841లో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే పేరుమోసిన సర్జన్ నత్తి పోగొట్టడానికని ఏకంగా నాలుకనే కోసి కుట్టేవాడు. మత్తుమందు ఇంకా వాడుకలోకి రాని రోజులవి. నాలుకలో లోపం లేనప్పుడు నాలుకను కోసి ఏం లాభం?

నాలుకలో లోపం లేదనడానికి ఏ బడిలోనైనా రుజువు దొరుకుతుంది. ఉదయం ప్రార్థన సమయంలో పిల్లలందరూ కలిసి ప్రతిజ్ఞ చెబుతారు. నత్తి ఉన్న పిల్లవాడు వారితోబాటు ఎక్కడా ఆగకుండా చెబుతాడు. అదే పిల్లవాడు పావుగంట తర్వాత హాజరు పిలిచినప్పుడు ‘ప్రెజెంట్ సార్’ అనలేక ముఖం ఎర్రబడి నిలబడతాడు. మక్తబ్‌లోనూ అంతే. అందరితో కలిసి సబఖ్ చదివేటప్పుడు ఇబ్బంది ఉండదు, ఉస్తాద్ ఒక్కణ్ణే లేపి అడిగితే ఆగిపోతాడు. పాట పాడేటప్పుడు, రాగంతో ఖిరాఅత్ చేసేటప్పుడు, చంటిపిల్లతో ముద్దుగా మాట్లాడేటప్పుడు చాలామందికి నత్తి రాదు.

ఎందుకు? పక్కవారి గొంతు తోడుగా వినబడుతుంది కాబట్టి. తన మాటకు కావలసిన కాలాన్ని మెదడు లోపలినుండి సరిగా లెక్కకట్టలేనప్పుడు, బయటినుండి ఒక తాళం అందితే దాన్ని పట్టుకుని నడుస్తుంది అని పరిశోధకుల్లో చాలామంది ఇచ్చే వివరణ. ఇది పూర్తిగా తేలిన విషయం కాదు. కాని నత్తికి తయారైన యంత్రాలన్నీ ఏదో ఒక విధంగా ఈ తోడును కల్పించడానికి చేసిన ప్రయత్నాలే.

మొదట చెవి దారిలో వెళ్లారు. 1950 ప్రాంతంలో అమెరికాలో బెర్నార్డ్ లీ అనే ఇంజనీరు ఒక విచిత్రం గమనించాడు. మనిషి మాట్లాడుతుంటే అతని గొంతునే సెకనులో అయిదో వంతు ఆలస్యంగా అతని చెవిలో వినిపిస్తే, ఏ నత్తీ లేని మనిషికి కూడా నత్తి వచ్చేస్తుంది. తర్వాత మరో విచిత్రం బయటపడింది. అదే ఆలస్యపు గొంతు వినిపిస్తే నత్తి ఉన్నవారిలో చాలామందికి మాట సాఫీ అవుతుంది. ఇలా మన మాట మనకే తిరిగి అందడాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. 1970లలో ఎడిన్‌బరోలో తయారైన ఒక పరికరం గొంతుకు కట్టిన మైకుతో మాటను పసిగట్టి, మాట్లాడినంతసేపూ చెవుల్లో హోరు వినిపించేది. 2001లో అమెరికాలోని ఈస్ట్ కరోలినా విశ్వవిద్యాలయం పరిశోధకులు స్పీచ్‌ఈజీ అనే చిన్న చెవి పరికరాన్ని తెచ్చారు. అది వేల డాలర్ల వ్యవహారం. చెవి పరికరాలకు ధర ఒక్కటే చిక్కు కాదు. బజారులో, బస్టాండులో, వర్క్‌షాపులో పక్క శబ్దాలన్నీ గొంతుతోబాటు కలిసి చెవిలో పడతాయి. ఎదుటివారు ఏమన్నారో వినడానికి కావలసింది కూడా ఆ చెవే కదా.

అందుకే కొందరి చూపు చర్మంమీద పడింది. మాటను చేతితో తెలుసుకోవడం కొత్త విషయం కాదు. చూపు, వినికిడి రెండూ లేని హెలెన్ కెల్లర్ ఎదుటివారి పెదవుల మీద, గొంతు మీద వేళ్లు ఆనించి వారి మాటలు గ్రహించేది. చర్మానికి అంత శక్తి ఉంది. ముఖ్యంగా వేలికొసలు సెకనుకు 200 నుండి 300 సార్లు కంపించే వస్తువును చాలా సున్నితంగా పట్టుకుంటాయి. మగవారి గొంతులోని స్వరతంత్రులు మాట్లాడేటప్పుడు సెకనుకు సుమారు 100 నుండి 130 సార్లు, ఆడవారివి 200 సార్లకు అటూఇటూ కంపిస్తాయి. అంటే గొంతు కంపనం వేలికి అందే హద్దులోనే ఉంది.

ఇది చదువుతున్న మీరే ఇప్పుడు పరీక్షించి చూడవచ్చు. రెండు వేళ్లు కంఠమణి మీద ఆనించి ‘గ, జ, డ, ద, బ’ అనండి. తర్వాత ‘క, చ, ట, త, ప’ అనండి. చిన్నప్పుడు వ్యాకరణంలో సరళాలు, పరుషాలు అని బట్టీపట్టాం కదా, వాటి తేడా వేలికి తెలుస్తుంది. సరళాలకు అక్షరం మొదలవుతుండగానే గొంతు గుర్రుమంటుంది. పరుషాలకు మొదట ఏమీ ఉండదు, వెనక వచ్చే అచ్చుతోనే కంపనం మొదలవుతుంది. ముప్పై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను గాని, దీనికి ఇలాంటి ఉపయోగం ఉంటుందని వ్యాకరణకర్తలు అనుకుని ఉండరు.

స్పర్శ పద్ధతుల్లో రెండు దారులున్నాయి. దాతలు ఈ రెంటినీ కలిపేయకూడదు.

మొదటిది బయటినుండి తాళం. 1968లో అమెరికాలో నాథన్ అజ్రిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఒంటిమీద పెట్టుకుని తిరగగలిగే చిన్న యంత్రం తయారుచేశాడు. అది సమంగా చర్మానికి తట్టుతూ ఉంటుంది. ఆ తట్టుకు అనుగుణంగా మాట్లాడితే నత్తి బాగా తగ్గింది. మన సంగీతం మాస్టారు తొడమీద తాళం వేసి పాడించినట్లే. దీనికి ఒక లోపం వెంటనే కనబడింది. ఒక్కొక్క తట్టుకు ఒక్కొక్క అక్షరం పలికితే మాట మరమనిషి మాటలా ఉంటుంది. అందువల్ల మరుసటి ఏడే అజ్రిన్ బృందం తట్టు ఎంతసేపు ఉంటే మాట సహజంగా వస్తుందో పరీక్షించింది. పొట్టి తట్టుకంటే కాస్త నిడివి ఉన్న తట్టు ఇచ్చి, ఆ వ్యవధిలో రెండు మూడు పదాలు కలిపి పలకనిస్తే వినసొంపుగా ఉంటుంది.

రెండోది సొంత మాటనే చర్మానికి తిరిగి అందించడం. అసలు స్పర్శ ఫీడ్‌బ్యాక్ అంటే ఇదే. గొంతుకు ఆనించిన చిన్న మైకు స్వరతంత్రుల కంపనాన్ని పట్టి, చేతిలోనో వేలికిందో ఉన్న బుల్లి మోటారుకు పంపుతుంది. సెల్‌ఫోన్‌ను గిజగిజలాడించే మోటారు లాంటిదే అది. మాట్లాడినంతసేపు చేతిలో గుర్రుమంటుంది, ఆగితే ఆగుతుంది. 1990లలో పోలండ్‌లోని లుబ్లిన్ నగరంలో పరిశోధకులు మాట ప్రతిధ్వనిని చెవికి, కంటికి, చర్మానికి వేర్వేరుగా అందించి పోల్చి చూశారు. చర్మం ద్వారా ఇచ్చినా తడబాటు తగ్గింది. 2012లో మిసిసిపి విశ్వవిద్యాలయంలో గ్రెగ్ స్నైడర్ బృందం ఇలాంటి స్పర్శ పరికరంతోనే పెద్దవారిలో నత్తి గణనీయంగా తగ్గిందని ప్రకటించింది.

ఇంతవరకు చదివితే వెంటనే చెక్కు రాయాలనిపిస్తుంది. కొంచెం ఆగండి.

ఈ పరీక్షలన్నీ కొద్దిమందితో, ప్రయోగశాలలో, ఎక్కువగా ఒక పేరా చదివించి చేసినవి. పేరా చదవడం వేరు, కిరాణా కొట్లో వెనక పదిమంది క్యూలో ఉండగా ‘కందిపప్పు’ అనడం వేరు. అదీగాక ఈ పరికరం ఒకరికి బాగా పనిచేస్తే మరొకరికి కొద్దిగా, ఇంకొకరికి అసలే పనిచేయదు. ఎవరికి పనిచేస్తుందో పెట్టి చూస్తేగాని చెప్పలేం. కొత్తలో ఉన్న ప్రభావం నెలల తర్వాత తగ్గిపోవచ్చు. మన చేతి గడియారం బరువు మనకు కాసేపటికే తెలియకుండా పోయినట్లు చర్మం కూడా అలవాటు పడుతుంది.

ఇంకొక చిక్కు ఉంది. గొంతు పూర్తిగా బిగిసిపోయే రకం నత్తి సంగతి పైన చెప్పాను. ఆ క్షణంలో స్వరతంత్రులు కదలవు. అవి కదలనప్పుడు చేతికి అందించడానికి కంపనమే లేదు. అంటే తోడు ఎక్కువగా కావలసిన క్షణంలోనే ఈ రెండో రకం యంత్రం మూగబోతుంది. మొదటి రకం తాళానికి ఈ ఇబ్బంది లేదు, అది మన గొంతుతో పనిలేకుండా తట్టుతూనే ఉంటుంది. అందుకే ఏ రకం నత్తికి ఏది సరిపోతుందో చెప్పడానికి స్పీచ్ థెరపిస్టు కావాలి. యంత్రం అమ్మేవాడు చెప్పలేడు.

నా పాత విద్యార్థి ఒకతను పార్సిళ్లు ఇంటింటికీ అందించే పనిలో ఉన్నాడు. రోజుకు యాభై అరవై ఫోన్లు చేయాలి. ‘హలో’ అనేలోపే అవతలివాళ్లు పెట్టేసేవారు. అతను ఏ యంత్రమూ కొనలేదు. సంగీతం నేర్చుకునేవారు తాళానికి వాడే ఉచిత యాప్ ఒకటి ఫోన్‌లో వేసుకుని, శబ్దం తీసేసి వణుకు మాత్రం ఉంచి, ఆ ఫోన్‌ను అరచేతిలో పట్టుకుంటాడు, ఇయర్‌ఫోన్‌తో మాట్లాడతాడు. ఎలా పట్టుకోవాలో, తట్టుకు ఎన్ని మాటలు కలపాలో థెరపిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. “సార్, అది మొదటి మాటకే కావాలి. బండి స్టార్టయ్యాక కిక్కు కొట్టనక్కర్లేదు గదా” అన్నాడు. కొన్ని రోజులు అసలు వాడడట. నత్తి పోయిందా అంటే పోలేదు. ఉద్యోగం మాత్రం పోలేదు.

అతని పెళ్లినాటి ముచ్చట ఒకటి చెప్పాలి. ఖాజీ సాహెబ్ అడిగినప్పుడు ‘ఖుబూల్ హై’ అనాలి. పెళ్లికొడుకులందరికీ అది రెండు మాటలు. ఇతనికి మాత్రం నెల రోజుల నిద్ర పట్టని రాత్రులు. పేరు, ఊరు, ‘ఖుబూల్ హై’, ఇలా మార్చడానికి వీల్లేని మాటల దగ్గరే నత్తి ఎక్కువ పట్టుకుంటుంది. మామూలు మాటల్లో కష్టమైన పదం బదులు మరొకటి వేసుకుని తప్పించుకుంటారు, ఇక్కడ ఆ సౌకర్యం లేదు. పైగా మొదటి అక్షరం పరుషజాతి, గొంతు కంపనం సాయం కూడా రాదు. థెరపిస్టు చెప్పిన సలహా యంత్రం గురించి కాదు. ముందురోజే ఖాజీ సాహెబ్‌ను కలిసి, ‘నాకు నత్తి ఉంది, కాస్త సమయం పట్టవచ్చు, తొందరపెట్టకండి’ అని చెప్పుకోమన్నారు. కలిశాడు. నికాహ్ రోజు ఆగాడు, కాని ఎవరూ నవ్వలేదు, ఖాజీ సాహెబ్ తల దించుకుని ఓపికగా కూర్చున్నారు. మాట వచ్చింది.

పెద్దల నత్తికి నేటి చికిత్సలో సగం ఇదే. అమెరికాలో ఈ రంగానికి దారి చూపిన చార్లెస్ వాన్ రైపర్ స్వయంగా నత్తి ఉన్నవాడు. నత్తిని దాచడానికి పడే పాట్లే నత్తికంటే ఎక్కువ బాధపెడతాయని, బిగుసుకోకుండా తేలిగ్గా తడబడడం నేర్చుకోవాలని ఆయన బోధించాడు. నత్తిని ఎవరికీ తెలియకుండా దాచడానికే యంత్రం వాడితే, బ్యాటరీ అయిపోయిన రోజున భయం రెట్టింపవుతుంది. తనకున్న ఉపాయాల్లో ఒకటిగా వాడుకుంటే లాభం.

ఖుర్‌ఆన్‌లో తాహా సూరాలో మూసా అలైహిస్సలాం తన నాలుక ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్న సంగతి, సోదరుడు హారూన్ అలైహిస్సలాంను తోడుగా కోరుకున్న సంగతి మనకు తెలుసు. మాట కష్టం కావడం సిగ్గుపడవలసిన విషయం కాదని మన ఇళ్లలో చెప్పడానికి ఆ ప్రస్తావన చాలు. అయినా మన వీధుల్లో ‘ఏయ్ హక్లే’ అనే పిలుపు ఇంకా వినబడుతూనే ఉంది. నమాజు చదివి వచ్చే నోటితోనే.

ఇక డబ్బు సంగతి. నా అభిప్రాయం ఇది: యంత్రాలు మూకుమ్మడిగా కొనవద్దు. ముందు మనిషిని స్పీచ్ థెరపిస్టు దగ్గరికి చేర్చడానికి ఖర్చు పెట్టండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఉస్మానియా, అలీగఢ్ విశ్వవిద్యాలయాలు రెంటికీ వైస్‌చాన్సలర్‌గా పనిచేసిన మన హైదరాబాదీ ప్రముఖుని పేరే దానికి పెట్టారు. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ డీఈఐసీలో చూపించవచ్చు. ఇండియన్ స్టామరింగ్ అసోసియేషన్ అనే సంఘం ద్వారా నత్తి ఉన్నవారే ఒకచోట చేరి, ఒకరితో ఒకరు మాట్లాడుతూ సాధన చేస్తారు. దానికి రుసుము పెద్ద సమస్య కాదు, మొదటిసారి వెళ్లడానికి తోడు కావాలి, అంతే.

థెరపీ ఒక్కరోజు పని కాదు. వారం వారం వెళ్లాలి. రోజుకూలీ మనిషికి ఒక రోజు థెరపీ అంటే ఒక రోజు కూలి, రానుపోను చార్జీలు పోయినట్లే. మధ్యలో మానేసేవారిలో చాలామంది దీనికే మానేస్తారు. ఆ కూలి, ఆ చార్జీలు మనం భరించగలిగితే అదే పెద్ద సాయం. కొన్ని వారాల తర్వాత థెరపిస్టు స్పర్శ పరికరం వాడి చూద్దాం అంటే, ముందు ఫోన్‌తోనో, వణుకు ఇచ్చే చేతి గడియారంతోనో, ఊరికే గొంతుమీద వేలు ఆనించుకోవడంతోనో చూడమనండి. దానివల్ల గుణం కనబడి, ఇంకా మంచి పరికరం కావాలని ఆ మనిషే కోరితే, కొన్నాళ్లు వాడి నచ్చకపోతే తిరిగి ఇచ్చే షరతుమీద కొనివ్వవచ్చు. బజారులో, ఫోన్‌లో, దుకాణంలో, అతను రోజూ మాట్లాడవలసిన చోట్లలోనే వాడి చూడాలి. థెరపిస్టు గదిలో మాట సాఫీగా వచ్చిందన్న ఒక్క వీడియో చూసి కొనకూడదు.

మన అర్జీ పద్ధతిలో కూడా ఒక మార్పు కావాలని కార్యవర్గానికి మనవి. స్కాలర్‌షిప్ ఇంటర్వ్యూకు వచ్చే పిల్లలు కోరితే జవాబులు రాసి ఇచ్చే వీలు కల్పించండి. అర్జీ ఫారంలో ‘మాట్లాడడంలో ఇబ్బంది ఉందా?’ అని ఒక గడి పెట్టండి. గడిలో టిక్కు పెట్టినవారికి ఫోన్ చేయకండి, మెసేజ్ పంపండి. వారు ఎదురుగా కూర్చున్నప్పుడు ‘నెమ్మదిగా చెప్పు, ఊపిరి తీసుకో’ అనవద్దు, వారి మాట మనం పూర్తిచేయవద్దు. నోరు చూడకుండా కళ్లలోకి చూస్తూ, ఆ మాట వచ్చేదాకా కూర్చుంటే సరిపోతుంది. సాధారణంగా అయిదారు సెకన్లకు మించి పట్టదు.